నాలుగు రోజుల్లో నాలుగు కోడిపిల్లలు పోయాయి, మిగతావైనా దక్కుతాయా?

చింటూ వాళ్ళమ్మ | రాత్రి 8:50

అందరికీ నమస్కారమండి. కోళ్ళు పెంచడం నాకిదే మొదటిసారి. మా అత్తగారి పుట్టింట్లో ఉండేవట గానీ అవి తల్లి వెంట తిరిగే నాటు పిల్లలు, ఇలా డబ్బాలో పెంచినవి కావు, అందుకని ఆవిడకీ ఏం చేయాలో తోచడం లేదు. మాది జంగారెడ్డిగూడెం దగ్గర పల్లెటూరు. నాలుగో తరగతి చదివే మా అబ్బాయి ఏడాది నుంచి కోడిపిల్లలు కావాలని ప్రాణం తీస్తుంటే భోగి ముందు రోజు 25 వనరాజ రకం కోడిపిల్లల్ని తెచ్చాం. అప్పటికి వాటి వయసు ఒక్క రోజు. బస్సులో మూడు గంటల ప్రయాణం, అట్టపెట్టెకి చిల్లులు పెట్టి ఇచ్చారు.

ఇంటికొచ్చాక పెద్ద టీవీ డబ్బా ఒకటి తీసి, అడుగున న్యూస్‌పేపర్ పరిచి, పైన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు వేలాడదీశాం. మేతకి నూకలు పెట్టి, నీళ్ళలో చిటికెడు పసుపు కలిపాం. మొదటి రోజు బాగానే గంతులేశాయి. రెండో రోజు పొద్దున్నే లేచి చూస్తే అన్నీ ఒక మూలకి చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కేసి ఉన్నాయి, అడుగున ఉన్నది నలిగి చచ్చిపోయింది. నిన్న రెండు పోయాయి, ఈరోజు పొద్దున ఇంకోటి. ఇప్పుడు 21 ఉన్నాయి.

మిగతావి కూడా ఏమంత బాగాలేవు. రెక్కలు వాల్చేసి కళ్ళు మూసుకుని తూగుతున్నాయి, రాత్రంతా ఆపకుండా కీచుకీచుమని ఒకటే అరుపు. మూడింటికి వెనక రెట్ట అంటుకుని గట్టిపడిపోయింది. ఒకదానికి కాళ్ళు రెండూ చెరో పక్కకి జారిపోయి కప్పలా పడుకుంటోంది, లేవలేకపోతోంది. మందుల షాపుకెళ్తే పిల్లల్ని చూడకుండానే ఏదో యాంటీబయాటిక్ పౌడర్ పొట్లం చేతిలో పెట్టి లీటరుకి అర చెంచా కలపమన్నాడు, ఇంకా కలపలేదు. పక్కింటావిడేమో ఇది బర్డ్ ఫ్లూ, అన్నీ తీసుకెళ్ళి పారేయమంటోంది. మా ఆయన "నీకెందుకొచ్చిన గొడవ" అని ఒక్క మాట అని పడుకున్నారు. బాబు అన్నం తినలేదు. చాలా టెన్షన్‌గా ఉందండి, ఎవరైనా తెలిసినవాళ్ళు చెప్పండి.


మెట్టరైతు | రాత్రి 9:15

చెల్లెమ్మా, ముందు ఆ పొట్లం తీసి అటక మీద పెట్టు. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీ పిల్లలకి వచ్చింది రోగం కాదు, చలి. ఎల్‌ఈడీ బల్బు వెలుగే ఇస్తుంది, వేడి రాదు. ఆ బల్బు కింద అరచెయ్యి పెట్టి చూడు, నీ చేతికి వెచ్చగా తగలకపోతే వాటికీ తగలదు. సంక్రాంతి చలిలో తెల్లవారుజామున మనమే దుప్పటి లాక్కుంటాం, నూగు తప్ప ఈకలే లేని పిల్లలు ఏం చేస్తాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. నీ మొదటి పిల్ల అలా పోయిందే.

ఇప్పుడే చేయాల్సింది చెప్తాను. పాతకాలం తీగ బల్బు 100 వాట్లది సంపాదించు, 60 వాట్లవైతే రెండు పెట్టు. పెద్ద షాపుల్లో ఇప్పుడు ఉంచడం లేదు గానీ పాత ఎలక్ట్రికల్ కొట్లో అడిగితే ఇస్తారు, లేదంటే మీ ఇంట్లోనే ఏ అటక మీదో పడి ఉంటుంది. ఈ రాత్రికి దొరక్కపోతే సీసాల్లో బాగా వేడి నీళ్ళు పోసి, పాత తువ్వాళ్ళు చుట్టి డబ్బాలో పెట్టు, రెండు మూడు గంటలకోసారి మార్చు. నిద్ర ఉండదు, తప్పదు. మా అమ్మ అయితే కుంపట్లో నిప్పులు వేసి పైన బూడిద కప్పి, దాని మీద చిల్లుల కుండ బోర్లించేది, అదీ పనిచేస్తుంది గానీ తలుపులు మూసిన గదిలో మాత్రం బొగ్గులు పెట్టకు, ఆ పొగ పిల్లల్నే కాదు మనుషుల్నీ చంపుతుంది.

బల్బు అడుగు, అడుగున్నర ఎత్తులో ఉండాలి. వైరు మీదే వేలాడదీయకు, ఇనప తీగతో కట్టు, ఊడి అట్ట మీద పడిందంటే ఇల్లంటుకుంటుంది. మొదటి వారం పిల్లల వీపు దగ్గర వేడి 95 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి, అంటే 35 సెల్సియస్. తర్వాత వారానికి ఐదు ఫారెన్‌హీట్ డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రా, బల్బు పైకి లాగితే చాలు. థర్మామీటర్ లేదని కంగారు పడకు, నేనెప్పుడూ కొనలేదు. పిల్లల్నే చూడు. బల్బు కింద గుంపుగా నక్కి అరుస్తుంటే చలి. బల్బుకి దూరంగా పోయి, నోరు తెరిచి, రెక్కలు ఎడంగా పెడితే వేడెక్కువైంది. అన్నీ ఒకే పక్కకి చేరాయంటే ఎక్కడి నుంచో గాలి కొడుతోంది. అక్కడక్కడా చెదిరి పడుకుని, కొన్ని తింటూ, సన్నగా కిచకిచలాడుతుంటే సరిగ్గా ఉన్నట్టు, నువ్వూ పోయి పడుకోవచ్చు.

డబ్బాకి మూలలు లేకుండా చెయ్యి. అట్టని గుండ్రంగా వంచి దడిలా పెడితే నక్కడానికి మూల దొరకదు, తొక్కుకుని చావవు. ఒక పక్క వేడి, ఇంకో పక్క చల్లగా ఉండేంత చోటివ్వు, వాటికి ఎక్కడ బాగుంటే అక్కడికి అవే వెళ్తాయి.

న్యూస్‌పేపర్ తీసెయ్. నున్నగా ఉంటుంది, కాలు నిలవదు, నీ కప్ప పిల్ల కాళ్ళు జారింది దానివల్లే. రెండంగుళాల మందాన ఊక పొయ్యి, తడిసిందీ ముక్కినదీ కాకుండా పొడిగా ఉన్నది.

ఆ కాళ్ళు జారినదానికి దెబ్బకి వేసే బ్యాండ్‌ఎయిడ్‌ని నిలువునా సన్నగా చీల్చి, రెండు కాళ్ళూ మామూలుగా నిలబడినప్పుడు ఎంత ఎడం ఉంటాయో అంత ఎడంలో సంకెలలా చుట్టు. గోనెసంచి ముక్క మీద ఉంచు. పిల్ల చిన్నదిగా ఉండగానే చేస్తే రెండు మూడు రోజుల్లో దార్లోకొస్తుంది, వారం దాటాక కష్టం.


సిద్దిపేట పోరడు | రాత్రి 9:32

అక్కా, నాది కూడా పోయినేడు అచ్చం ఇదే కథ. 50 తెస్తే 17 మిగిలినయి. నేను ఎల్‌ఈడీ కాదు, జీరో బల్బు పెట్టిన. అంతకంటే పెద్ద తెలివి. అన్న చెప్పింది చెయ్యి, మందులు తర్వాత.


డాబా కోళ్ళు | రాత్రి 10:05

మెట్టరైతు గారూ, మిగతా అంతా ఒప్పుకుంటాను గానీ పేపర్ విషయంలో చిన్న మాట. ఊక పోసి పేపర్ తీసేస్తే మొదటి రెండు మూడు రోజులు పిల్లలు ఊకనే మేత అనుకుని మింగేస్తాయి, ఫారాల వాళ్ళు ఊక మీద పేపర్ పరిచి దాని మీద మేత చల్లేది అందుకే. నున్నటి అట్ట మీద ఒట్టి పేపర్ వేస్తే కదా జారేది. ఈవిడ పిల్లలకి నాలుగు రోజులు దాటాయి, ఏది మేతో తెలిసిపోయి ఉంటుంది కాబట్టి ఇప్పుడు తీసేసినా నష్టం లేదు. నేను హైదరాబాద్‌లో డాబా మీద పెంచుతాను, మొదటి వారం పాత నూలు చీరముక్క వేస్తాను, రోజూ ఉతుక్కోవచ్చు.

రెట్ట అంటుకున్నవాటి సంగతి ఎవరూ చెప్పలేదు. అక్కా, అది ఈ రాత్రే చూడండి, ఎందుకంటే అది మూసుకుపోతే లోపలి రెట్ట బయటికి రాక పిల్ల రోజులో పోతుంది. గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి అక్కడ ఒత్తి పెట్టి ఉంచితే ఐదారు నిమిషాల్లో నానుతుంది, అప్పుడు మెల్లగా తుడవాలి. పొడిగా ఉన్నదాన్ని పట్టి లాగితే చర్మం ఊడి వస్తుంది, రక్తం కనపడిందంటే మిగతా పిల్లలు అక్కడే పొడిచి చంపేస్తాయి. శుభ్రం చేశాక బాగా ఆరబెట్టి, కొంచెం కొబ్బరినూనె రాసి, తడి లేదనుకున్నాకే గుంపులో వదలండి. ఇంకోటి, పొట్ట కింద ఎండిన బొడ్డు ఒకటి ఉంటుంది, చిన్న నల్లటి పొక్కులా. కొత్తవాళ్ళు దాన్ని కూడా రెట్టే అనుకుని పీకుతారు. నేను పీకాను మొదట్లో, పేగు బయటికొచ్చింది, ఇప్పటికీ తలుచుకుంటే ఏదోలా ఉంటుంది. దాని జోలికి వెళ్ళకండి.

నూకలు ఒక్కటే పెడితే చాలదు. ఒంటికి మాంసం పట్టాలంటే ప్రోటీన్ 20 శాతం దాకా ఉన్న చిక్ స్టార్టర్ దాణా కావాలి, రేపు పొద్దున్నే తెప్పించండి. ఈ పూటకి కోడిగుడ్డు గట్టిగా ఉడికించి పచ్చసొన పొడి చేసి నూకల్లో కలపండి. పెద్ద కోళ్ళకి వేసే లేయర్ దాణా మాత్రం తేవద్దు, అందులో సున్నం ఎక్కువ, పిల్లల మూత్రపిండాలు తట్టుకోలేవు. నీళ్ళు పళ్ళెంలో పెడుతుంటే నాలుగు గులకరాళ్ళు వేయండి, లేకపోతే అందులోనే పడి తడిసి చలికి పోతాయి. బాగా నీరసంగా ఉన్నవాటిని చేతిలోకి తీసుకుని ముక్కు ఒక్కసారి గోరువెచ్చటి బెల్లం నీళ్ళలో ముంచండి, రుచి తెలిస్తే అవే తాగుతాయి. ముక్కు కొన మాత్రమే సుమా, ముక్కు చిల్లుల దాకా కాదు.


పల్లెపుంజు | రాత్రి 10:20

అంత హడావుడి దేనికి. వెల్లుల్లి, పసుపు నూరి వేపాకు రసంలో కలిపి పట్టించండి, మనుషులకి వాడే యాంటీబయాటిక్ గొట్టం విప్పి నాలుగు చిటికెలు కలిపితే తెల్లారేసరికి లేచి కూర్చుంటాయి. మా ఊళ్ళో అందరూ చేసేదే.


పాత కాంపౌండరు | రాత్రి 11:10

పల్లెపుంజు గారూ, పసుపూ వెల్లుల్లీ వద్దనను, హానేం లేదు. రెండో మాట మాత్రం ఇంకెవరికీ చెప్పకండి. పశువైద్యశాలలో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను, ఆ చిటికెలు వేసి తెచ్చిన పిల్లల్ని ఎన్ని చూశానో లెక్కలేదు. ఏ సూక్ష్మజీవి వల్లో తెలియకుండా, ఎంత బరువుకి ఎంతో చూడకుండా వేస్తే చలికి తూగుతున్న పిల్ల లేవదు సరికదా, దాని పేగులో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవులు కూడా పోతాయి. పైగా రేపు మనిషికి అదే జబ్బు వస్తే మందు పనిచేయకపోవచ్చు. 2019 జులైలో కేంద్రం కొలిస్టిన్ అనే మందుని కోళ్ళకీ పశువులకీ వాడకూడదని నిషేధించింది ఎందుకు? ఆసుపత్రుల్లో మిగతా మందులన్నీ విఫలమయ్యాక మనుషులకి ఇచ్చే ఆఖరి మందుల్లో అదొకటి, దాన్ని కోడి దాణాలో కలిపి పాడు చేసుకుంటున్నాం కాబట్టి. అమ్మా, మీ పొట్లం మీద పేరేముందో ఒకసారి చదవండి.

బర్డ్ ఫ్లూ భయం పెట్టుకోకండి. మీ ప్రాంతంలో ఆ మాట ఎందుకు వస్తుందో నాకు తెలుసు, 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో అది తేలింది, అప్పటి నుంచి ఒక కోడి తుమ్మినా జనం ఉలిక్కిపడుతున్నారు. అది వస్తే చుట్టుపక్కల పెద్ద కోళ్ళు కూడా ఉన్నట్టుండి కుప్పలుగా పోతాయి, తలలూ జుట్టూ వాచి నీలమవుతాయి. మీ వీధిలో కోళ్ళు బాగానే తిరుగుతున్నాయా? తిరుగుతుంటే ఇది అది కాకపోవచ్చు. కుప్పలుగా పోతుంటే మాత్రం ఒట్టి చేతుల్తో ముట్టుకోకుండా వెంటనే పశువైద్యశాలకి చెప్పాలి.

చలి సర్దుకున్నాక కూడా, అంటే రేపు సాయంత్రం తర్వాత కూడా, రోజుకొకటి పోతుంటే అప్పుడు రోగం గురించి ఆలోచిద్దాం. తెల్లటి సున్నంలాంటి పారుడు ఉండి మొదటి వారంలోనే పోతే అది గుడ్డులో నుంచే వచ్చే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి కావచ్చు. చప్పుడు లేకుండా మెడ చాచి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే బూజు పట్టిన ఊకో దాణానో అనుమానించాలి, దానికి మందు లేదు, బూజు తీసేయడమే. ఏదైనా సరే, అప్పుడే పోయిన పిల్లని కవర్లో వేసి ఐసుముక్కల మధ్య పెట్టి ఆసుపత్రికి పట్టుకెళ్ళండి. ఫ్రిజ్‌లో గడ్డ కట్టించవద్దు. డాక్టరు గారు కోసి చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసేది మనం ఇక్కడ యాభై పోస్టులు రాసినా తెలియదు. వెళ్ళలేకపోతే 1962కి ఫోన్ చేసి అడగండి. మిగతా చచ్చినవాటిని చెత్తకుండీలో వేయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి, లేకపోతే కుక్కలు ఊరంతా తిప్పుతాయి. పిల్లల్ని ముట్టుకున్నాక బాబు చేత సబ్బుతో చేతులు కడిగించండి, ముద్దులు పెట్టనివ్వకండి.


చింటూ వాళ్ళమ్మ | రెండు రోజుల తర్వాత, ఉదయం 7:30

అందరికీ దణ్ణం పెడుతున్నానండి. ఆ రాత్రి ఒంటిగంట దాకా నేనూ మా అత్తగారూ వేడినీళ్ళ సీసాలు మార్చుకుంటూ కూర్చున్నాం, ఆవిడ తన చిన్ననాటి కోళ్ళ కబుర్లన్నీ చెప్పారు, పెళ్ళయిన పన్నెండేళ్ళలో మేమిద్దరం అంతసేపు ఎప్పుడూ మాట్లాడుకోలేదేమో. పొద్దున్నే మా ఆయన మాట్లాడకుండా బండి వేసుకుని పోయి 100 వాట్ల బల్బులు రెండు తెచ్చారు. బల్బు వెలిగించిన అరగంటకి అరుపులు ఆగిపోయాయి. అంత నిశ్శబ్దమయ్యేసరికి అన్నీ చచ్చిపోయాయేమోనని పరిగెత్తుకెళ్ళాను, చూస్తే కాళ్ళు చాపుకుని పడుకున్నాయి.

రెట్ట అంటుకున్న మూడింట్లో రెండు బాగున్నాయి, ఒకటి ఆ రాత్రే పోయింది. ఇప్పుడు 20. కప్పకి (బాబు పెట్టిన పేరు) బ్యాండ్‌ఎయిడ్ కట్టాం, మొదట బొక్కబోర్లా పడింది గానీ నిన్నటి నుంచి నిలబడుతోంది. ఆ పొట్లం మీద చదివాను బాబాయ్ గారూ, మీరు చెప్పిన కొలిస్టినే.

టీకాలు ఏవైనా వేయించాలా? పిల్లలు అమ్మినవాళ్ళు అన్నీ అయిపోయాయన్నారు.


పాత కాంపౌండరు | ఉదయం 9:05

అదే! ఆ పొట్లాన్ని కాలవలో పారేయకండి, ఈసారి వెళ్ళినప్పుడు పశువైద్యశాలలో ఇచ్చేయండి.

అన్నీ అయిపోయాయి అన్నారంటే మహా అయితే మారెక్స్ అనే వైరస్ జబ్బుకి పుట్టిన రోజు మెడ మీద వేసే టీకా వేసి ఉంటారు. కొక్కెర తెగులుది మీరే వేయించుకోవాలి. పల్లెటూళ్ళలో కోళ్ళని ఊడ్చిపెట్టుకుపోయేది అదే. పుస్తకాల్లో రాణిఖేత్ జబ్బు అని రాస్తారు, ఇప్పటి ఉత్తరాఖండ్‌లో ఉన్న ఆ ఊళ్ళో 1920లలో మన దేశంలో మొదట గుర్తించారు కాబట్టి. పచ్చటి పారుడు, గురక, తర్వాత మెడ తిరిగిపోవడం. వచ్చాక మందు లేదు.

లెక్కప్రకారం 5 నుంచి 7 రోజుల మధ్య ఈ కొక్కెర తెగులుకి లసోటా టీకా కంట్లో ఒక చుక్క, 14వ రోజు ప్రాంతంలో గంబోరో అనే ఇంకో జబ్బుకి టీకా, 28వ రోజు లసోటా మళ్ళీ, 8 వారాలకి కొక్కెర తెగులుకే ఆర్2బి అనే సూది. మీ పిల్లలు ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నాయి, నీరసంగా ఉన్నప్పుడు టీకా వేయకూడదు కాబట్టి రెండు మూడు రోజులు ఆగి, అన్నీ హుషారుగా ఉంటే వేయించండి. అసలు చిక్కు ఎక్కడంటే టీకా సీసా వందల కోళ్ళ లెక్కన వస్తుంది, ఒకసారి నీళ్ళు కలిపాక గంట రెండు గంటల్లో అయిపోవాలి, మిగిలింది దాచుకోవడానికి లేదు. మీ ఇరవై కోసం ఒక సీసా విప్పాలంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు. వీధిలో కోళ్ళున్న నాలుగైదు ఇళ్ళవాళ్ళని కలుపుకుని అడగండి. తెచ్చేటప్పుడు ఫ్లాస్కులో ఐసు వేసి తేవాలి, ఎండలో జేబులో పెట్టుకొస్తే అది టీకా కాదు, ఉత్త నీళ్ళు.


మెట్టరైతు | ఉదయం 9:40

నా పాత అనుభవం ఒకటి. ఈసారి పిల్లలు తెచ్చే ముందు మీ ఊళ్ళో ఎవరి దగ్గరైనా పొదుగు మీదున్న నాటు పెట్ట ఉందేమో కనుక్కోండి. చీకటి పడ్డాక దాని కింద గుడ్లు తీసేసి ఒకటి రెండు రోజుల పిల్లల్ని మెల్లగా దూర్చేస్తే తెల్లారేసరికి తనవే అనుకుంటుంది. అన్ని పెట్టలూ ఒప్పుకోవు, పొద్దున్నే దగ్గరుండి చూడాలి, పొడిస్తే తీసేయాలి. ఒప్పుకుందా, ఇక బల్బూ అక్కర్లేదు, థర్మామీటరూ అక్కర్లేదు. ఒక్క పెట్ట రెక్కల కింద పది పన్నెండు పిల్లలు పడతాయి, 25 పట్టవు, అది గుర్తు పెట్టుకో.


చింటూ వాళ్ళమ్మ | రెండు వారాల తర్వాత, మధ్యాహ్నం 1:15

మళ్ళీ వచ్చానండి, సిగ్గుగా ఉంది. అంతా బాగుందనుకున్నాను. మొన్న వాన జల్లుకి షెడ్డు రేకు కింద నుంచి నీళ్ళొచ్చి ఊక తడిసింది, పైపైన ఎండబెట్టి మళ్ళీ అదే వేశాను. నిన్న ఒకటి, ఈరోజు ఒకటి పోయాయి. రెట్టలో రక్తం కనిపిస్తోంది, కొన్ని ముణగదీసుకుని ఈకలు ఉబ్బించుకుని కూర్చున్నాయి. పిల్లల వయసు మూడు వారాలు. వేడి సరిగ్గానే ఉంది, చూశాను. ఊరికే చాక్లెట్ రంగులో జిగటగా వేసే రెట్ట కూడా ఉంది, అదీ ఇదీ ఒకటేనా?


డాబా కోళ్ళు | మధ్యాహ్నం 1:40

చాక్లెట్ రంగు జిగట రెట్ట రోజులో అప్పుడప్పుడూ వేస్తాయి, అది మామూలే. ఎర్రటి రక్తం, అదీ మూడు వారాల వయసులో, తడి ఊక తర్వాత అంటే కాక్సీడియోసిస్, అదే పేగులో చేరే సూక్ష్మజీవి వల్ల వచ్చే రక్తపు పారుడు, అయి ఉంటుంది. నాకు రెండుసార్లు వచ్చింది. ఆలస్యం చేయకండి, ఈరోజే మందు మొదలుపెట్టాలి. పోయినసారిలా ఆగి చూసే వ్యవహారం కాదు.


పాత కాంపౌండరు | మధ్యాహ్నం 2:20

అవునమ్మా, లక్షణాలు దానివే. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఆ సూక్ష్మజీవి లేని కోళ్ళ షెడ్డు ఉండదు. రెట్టలో దాని గుడ్లు పడతాయి, వెచ్చగా తడిగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో అవి ముదిరి, మిగతా పిల్లలు ఊక గీకి తింటున్నప్పుడు లోపలికి పోయి పేగు గోడల్ని తినేస్తాయి. పొడి నేల మీద అవి ముదరవు. కాబట్టి సగం వైద్యం ఊక మార్చడమే. తడిసినదంతా ఎత్తి దూరంగా పారేసి, కొత్త ఊక పోసి, నీళ్ళ గిన్నె చుట్టూ రోజూ తడిసినంత మేర తీసేస్తుండాలి. ఫినాయిల్ చల్లితే పోతుందనుకోకండి, ఆ గుడ్లకి గట్టి పెంకుంటుంది.

మందు ఆంప్రోలియం. దొరికేది ఎక్కువగా 20 శాతం పొడి. దాన్ని లీటరు నీళ్ళకి 1.2 గ్రాముల చొప్పున ఐదు రోజులు, తర్వాత అందులో సగం మోతాదు ఇంకో వారం. చెంచాతో అంచనా వేయకుండా ఊళ్ళో బంగారు కొట్లోనో ఎరువుల కొట్లోనో తూకం వేయించి పొట్లాలు కట్టించుకోండి. మీ ప్యాకెట్ మీద శాతం వేరుగా ఉంటే లెక్క మారుతుంది, అందుకని ఆసుపత్రిలో చూపించాకే కలపండి, వీలైతే రక్తం ఉన్న రెట్ట కూడా కాగితంలో పట్టుకెళ్ళండి, మైక్రోస్కోపులో చూస్తారు. జబ్బు పిల్ల మేత మానేస్తుంది గానీ నీళ్ళు తాగుతుంది, అందుకే నీళ్ళలో ఇవ్వడం. వేరే నీళ్ళు ఏవీ అందుబాటులో ఉంచకండి, ఏ రోజు మందు నీళ్ళు ఆ రోజే కలపండి.

ఒక్కటి మరిచిపోవద్దు. నీరసంగా ఉన్నాయని ఈ ఐదు రోజులూ బి-కాంప్లెక్స్ చుక్కలు వేయకండి. ఈ మందు పనిచేసేదే ఆ సూక్ష్మజీవికి బి1 విటమిన్ అందకుండా చేసి, మనం అదే విటమిన్ పోస్తే మందు ఉత్తదైపోతుంది. అంతా అయ్యాక వేసుకోవచ్చు.


సిద్దిపేట పోరడు | మధ్యాహ్నం 3:00

తాతా, ఇది నాకు తెల్వదు. నేను రెండూ కలిపి పోసిన పోయినేడు. గందుకేనేమో.


చింటూ వాళ్ళమ్మ | మరో రెండు వారాల తర్వాత, సాయంత్రం 6:00

ఇంక పోలేదండి. 18 ఉన్నాయి. మూడో రోజుకే రక్తం ఆగింది, ఆసుపత్రిలో రెట్ట చూసి అదే అన్నారు. ఇప్పుడు ఐదు వారాలు, రెక్కలు నిండుగా వచ్చాయి, పగలు బల్బు తీసేశాం, రాత్రి ఒక్కటి వెలిగిస్తున్నాం. ఎప్పటి నుంచి బయట వదలొచ్చు? ఇక్కడ గద్దలూ, ముంగిసలూ రెండూ ఉన్నాయి.


మెట్టరైతు | సాయంత్రం 6:35

రాత్రి బల్బు కూడా ఇంకో వారంలో మానిపించెయ్. బయటికి మాత్రం తొందరపడకు. ముందు పాత చేపల వల కప్పి దాని కింద మధ్యాహ్నం ఎండలో గంటా రెండు గంటలు వదులు, నేల గీకడం నేర్చుకుంటాయి. ఏడెనిమిది వారాలకి గద్ద ఎత్తుకుపోలేనంత బరువొస్తాయి, అప్పుడు వదులు. ముంగిసకి బరువుతో పనిలేదు, రాత్రి గూటికి కింద కూడా ఇనప జాలీ ఉండాలి, మట్టి తవ్వుకుని వస్తుంది. అవునూ, కప్ప ఎలా ఉంది?


చింటూ వాళ్ళమ్మ | సాయంత్రం 7:10

కప్పకి అప్పుడే జుట్టు ఎర్రబడుతోంది, పుంజేనంటున్నారు మా అత్తగారు. కాలు కొంచెం ఎడంగా వేసి నడుస్తుంది గానీ మేత దగ్గర అందర్నీ తరిమేది అదే. కోస్తే ఊరుకోనని బాబు ఇప్పుడే చెప్పేశాడు. ఎనిమిది వారాల సూది కోసం వీధిలో కోళ్ళ లెక్క నోటుబుక్కులో రాస్తున్నాను బాబాయ్ గారూ, ఇప్పటికి 64 అయ్యాయి. అన్నీ పారేయమన్న పక్కింటావిడ కూడా తన ఏడు కోళ్ళనీ గంపలో వేసుకుని వస్తానంది.